అప్పలనరసమ్మ లాగిన్

వరద ముందస్తు హెచ్చరికల సంస్థలో ఇకమీదట ఎవరూ తయారుగా దొరికే సాఫ్ట్‌వేరు తెచ్చుకుని వాడకూడదని ఉగాది మర్నాడు ఉత్తర్వు వచ్చింది. అంతకు వారం ముందు డైరెక్టర్ మృత్యుంజయప్రసాద్ గారు ఒక కొండ మీది హోటల్లో స్వావలంబన మీద మూడు రోజుల సదస్సుకు వెళ్ళొచ్చారు. అక్కడ తెల్లగడ్డం వక్త ఒకాయన, "పక్కింటివాళ్ళు వండి పంపిన కూర తిని మన వంటిల్లు గొప్పదనుకుంటే ఎలా?" అని అడిగాడట. ఆ మాట డైరెక్టర్ గారి గుండెలో దిగిపోయింది. ఆ మూడు రోజులూ కూరలు హోటలువాళ్ళే వండారు గానీ, సదస్సులో ఆ అంశం చర్చకు రాలేదు.

"ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, సంస్థలో వినియోగించు ప్రతి సాఫ్ట్‌వేరును దాని మూలపాఠము నుండి, సంస్థ ఆవరణలోనే, సంస్థ సిబ్బంది చేతనే నిర్మించవలెను. ఉల్లంఘించినవారిపై తగు చర్య తీసుకొనబడును."

సంస్థలో ఉన్నది పందొమ్మిది మంది. అందులో పద్దెనిమిది మందికి మూలపాఠం అంటే ఏమిటో తెలియదు కాబట్టి ఉత్తర్వును మనస్ఫూర్తిగా స్వాగతించారు. తెలిసిన ఒక్కడూ టెక్నికల్ ఆఫీసర్ జోగినాథం. మూలపాఠం అంటే మనుషులు చదవగలిగేలా రాసిన ప్రోగ్రాం. యంత్రానికి అది అర్థం కాదు. దాన్ని యంత్రం భాషలోకి మార్చిపెట్టేది కంపైలర్ అనే ఇంకో ప్రోగ్రాం. భార్య పోయిన ఆరేళ్ళుగా తన క్యారియరు తనే కట్టుకుంటున్న జోగినాథానికి, తన వంట తనే చేసుకోవాలన్న సూత్రం మీద పెద్ద అభ్యంతరం ఏమీ లేదు. కానీ గిన్నె కూడా తనే పోతపోసుకోవాలని ఆయన ఎప్పుడూ అనుకోలేదు.

అసలు తొందరంతా తుమ్మగెడ్డ గురించి. పట్నానికి పదమూడు కిలోమీటర్ల అవతల, కొండల మీంచి వాగులా దిగివచ్చే ఆ గెడ్డ మీద ఒక కాజ్‌వే ఉంది. నీళ్ళు లేనప్పుడు అది రోడ్డు. నీళ్ళు వచ్చినప్పుడు గెడ్డలో భాగం. నీళ్ళు పెరుగుతుంటే ముందుగా మోగమని ఎగువన ఒక సైరన్ పెట్టెను సంస్థే పెట్టింది. నిరుడు ఆషాఢంలో అది నలభై నిమిషాలు ఆలస్యంగా మోగింది. అప్పటికి సంస్థ అటెండరు అప్పలనరసమ్మ కాజ్‌వే మధ్యలో ఉంది. వెనకాల వస్తున్న బస్సు కండక్టరు దూకి ఆమె కొప్పు పట్టుకుని లాగాడు కాబట్టి మర్నాడు ఆఫీసులో టీ వేళకు టీ వచ్చింది. నరసమ్మది గెడ్డ అవతలి ఊరు. రోజూ రెండుసార్లు ఆ కాజ్‌వే దాటితే గానీ ఆమెకు జీతం లేదు.

లోపం ఎక్కడుందో జోగినాథం కనిపెట్టాడు. పెట్టెలోని ప్రోగ్రాం గడిచిన గంటలో నీటిమట్టం సగటు ఎంతో లెక్క చూసుకుని గానీ మోగదు. గెడ్డేమో సగటు చూసుకుని రాదు. ఒక్క వాక్యం మార్చితే చాలు. మార్చాడు కూడా. అయితే ఆఫీసు కంప్యూటర్ ఒక జాతి, గెడ్డ దగ్గరి పెట్టెలో ఉన్న చిన్న చిప్పు ఇంకో జాతి. ఇక్కడ కూర్చుని దాని భాషలో ప్రోగ్రాం తయారుచేయాలంటే క్రాస్ కంపైలర్ అనేది కావాలి. ఆ క్రాస్ కంపైలర్‌ను కట్టిపెట్టే సాధనం ఒకటి వేరే ఉంది. అనుమతి కోసం జోగినాథం సూపరింటెండెంట్ విశాలాక్షి గారి దగ్గరకు వెళ్ళాడు.

"తయారుగా దొరుకుతుందండి మేడమ్. దింపుకోవడం పది నిమిషాల పని."

విశాలాక్షి గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "పది నిమిషాల్లో అయ్యేది ఆఫీసు పనెలా అవుతుంది జోగినాథంగారూ? ఉత్తర్వు చదవలేదా?"

"చదివానండి. పోనీ, మూలపాఠం తెచ్చి మనమే కడదాం. ఓ పూట పడుతుంది."

"దేంతో కడతారు?"

"మన కంప్యూటర్లో ఉన్న కంపైలర్‌తో."

"దాన్నెవరు కట్టారు?"

"అది కంప్యూటర్‌తో పాటే వచ్చిందండి."

"అంటే తయారుగా వచ్చింది." ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని ఫైలు మూసేశారు.

"సుత్తి చేయాలన్నా సుత్తే కావాలి కదా మేడమ్. ఏ కమ్మరైనా మొదటి సుత్తి ఎక్కడో అరువు తెచ్చుకునే ఉంటాడు."

"ఆ కమ్మరి మన సంస్థ ఉద్యోగి కాడు," అన్నారు విశాలాక్షి గారు.

మొదటి సుత్తి ఎక్కడిదో తేల్చడానికి తొలి సాధన నిర్ధారణ ఉపసంఘం ఏర్పడింది. అది ఏప్రిల్లో నాలుగుసార్లు సమావేశమై వేయించిన జీడిపప్పు తింటూ కంపైలర్ వంశవృక్షాన్ని వెనక్కి తవ్వింది. ప్రతి కంపైలర్‌నూ దాని ముందటి కంపైలరే కన్నదనీ, అలా వెనక్కి పోగా పోగా, ఆదిలో ఎవరో ఒక మనిషి మీటలు చేత్తో ఒక్కొక్కటే నొక్కి మొదటిదాన్ని పుట్టించాడనీ జోగినాథం చెప్పాడు. ఉపసంఘం ఎంతో సంతోషించింది. సంస్థలో చేతులు ఖాళీగా ఉన్న సిబ్బంది ఎందరో ఇరవై నాలుగు గంటల్లో వివరాలు పంపమని అన్ని సెక్షన్లకూ రాసింది. ఏ సెక్షనూ తమ దగ్గర ఖాళీ చేతులున్నట్టు ఒప్పుకోలేదు.

చివరికి దారి చూపించింది డైరెక్టర్ గారే. ఆయన ఊరికే డైరెక్టర్ అవలేదు.

"మనిషి ఏడేళ్ళు ఒకచోట ఉంటే స్థానికుడంటాం కదా? ఆ కంపైలర్ మన ఆఫీసులో ఎన్నేళ్ళ నుంచి ఉంది జోగినాథం?"

"తొమ్మిదేళ్ళండి."

"మరింకేం! స్థానికమే. దానికో నేటివిటీ సర్టిఫికెట్ తెప్పించండి."

దరఖాస్తు తహసీల్దారు కార్యాలయానికి వెళ్ళింది. విచారణకు వీఆర్వో వచ్చి, కంప్యూటర్ చుట్టూ ఒకసారి తిరిగి, ఇరుగుపొరుగు సెక్షన్ల వాంగ్మూలం తీసుకుని, టీ తాగి వెళ్ళాడు. సర్టిఫికెట్ పదిహేను రోజుల్లో వచ్చింది. తండ్రి పేరు అన్నచోట 'తెలియదు' అనీ, నడవడిక అన్నచోట 'సంతృప్తికరం' అనీ ఉంది. ఆ రెండో మాట చదివినప్పుడు జోగినాథానికి ఎందుకో ఆ కంపైలర్ మీద జాలేసింది. తొమ్మిదేళ్ళ సర్వీసులో దాని గురించి ఎవరైనా ఒక మంచిమాట రాయడం అదే మొదలు.

"ఇక మూలపాఠం తెచ్చుకోవచ్చా మేడమ్?"

"తెచ్చుకోండి. గెజిటెడ్ అధికారి అటెస్టేషన్ ఉండాలి."

"మూలపాఠానికా అండి?"

"టెన్త్ సర్టిఫికెట్‌కే అడుగుతాం. దీనికి అడగమా?"

సాధనం మూలపాఠం, దానికి కావలసిన తోడు ప్రోగ్రాంల మూలపాఠాలు అన్నీ అచ్చు తీస్తే నలభై ఒక్క వేల పేజీలు అయ్యాయి. సంస్థలో గెజిటెడ్ అధికారి డైరెక్టర్ గారొక్కరే. ఆయన మే నెలంతా మరో పని ముట్టుకోలేదు. పొద్దున పదికి కూర్చుని, ఆకుపచ్చ సిరాతో ప్రతి పేజీ కింద 'అసలుతో సరిపోల్చితిని' అని రాసి సంతకం చేసేవారు. దేంతో సరిపోల్చారని ఎవరూ అడగలేదు. మూడో వారానికి ఆయన బొటనవేలు వాచింది. నరసమ్మ ఇంటి నుంచి ఆముదం తెచ్చి గిన్నెలో వెచ్చచేసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఆ నెలాఖరుకి కొండల మీద ఒకరోజు ఉరిమింది. నరసమ్మ టీ గ్లాసులు పంచుతూ జోగినాథం బల్ల దగ్గర ఆగింది.

"ఏటి బాబూ, అదింకా మోగదేటి?"

"సంతకాలైపోయాయి నరసమ్మా. ఇంక కట్టడమే."

"మృగశిర దగ్గరకొచ్చీసింది. రేతిరి ఆ గెడ్డ సప్పుడు ఇంటికి ఇనబడతంది. మా కోడలు మానీమంతంది, ఉజ్జోగం."

"మానేస్తావా?"

"మానీసి ఏటి తింతాను? మీరు బేగి సేసీండి, అంతే."

బేగి చేసేద్దామనే జోగినాథం ఆ రోజే కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. వెనక నుంచి విశాలాక్షి గారి చేయి వచ్చి తెర మీద పడింది.

"ఇదెక్కడిది? దీని మీద సంతకమేది?"

"సంతకం కాగితాల మీద ఉందండి. ఇది కంప్యూటర్లో ఉన్న అసలు."

"సంతకం ఉన్నదే అసలు. లేనిది జిరాక్సుతో సమానం."

అందువల్ల సంతకమైన నలభై ఒక్క వేల పేజీలకూ ఫొటోలు తీసి, ఆ ఫొటోలను కంపైలర్‌కు ఇచ్చారు. నడవడిక సంతృప్తికరంగా ఉన్న కంపైలర్ మొదటి బొమ్మ దగ్గరే ఆగి, తనకేమీ అర్థం కావడం లేదని చెప్పింది.

"డైరెక్టర్ గారి సంతకం ఉన్నదాన్ని తోసిపుచ్చే అధికారం దీనికెవరిచ్చారు?" అన్నారు విశాలాక్షి గారు.

రెండు రోజుల ఉత్తర ప్రత్యుత్తరాల తరువాత రాజీ కుదిరింది. సంతకం లేని మూలపాఠాన్నే వాడవచ్చును. అయితే అది పని చేస్తున్నంతసేపూ సంతకమైన ప్రతులు కంప్యూటర్‌కు మూడడుగుల లోపు ఉండవలెను. ఇద్దరు మనుషులు పొద్దుటి నుంచి మోసి, కట్టలను కంప్యూటర్ చుట్టూ గోడలా పేర్చారు. జోగినాథం లోపలికి పోవడానికి వాళ్ళలో ఒకాయన దయతలచి ఒక మనిషి పట్టేంత సందు వదిలాడు.

ప్రారంభోత్సవం జూన్ మొదటి సోమవారం. జ్యోతి వెలిగించారు. కొబ్బరికాయ కొట్టారు. మొదటి మీట నొక్కవలసింది డైరెక్టర్ గారు కాబట్టి ఆయన తన లాగిన్‌తో ప్రవేశించి, జోగినాథం చూపించిన మీటను వాచిన బొటనవేలితోనే నొక్కారు. తెర మీద ఒక వాక్యం వచ్చి నిలిచింది.

"ఏమంటోంది?" అన్నారు డైరెక్టర్ గారు.

జోగినాథం గొంతు సవరించుకున్నాడు. "సర్వాధికార లాగిన్‌తో నన్ను నడపకూడదు, మామూలు వాడుకదారుగా రండి, అంటోందండి."

చప్పట్లకు లేపిన చేతులు అలాగే ఉండిపోయాయి.

"నన్నా?"

"మిమ్మల్ననే కాదండి. కంప్యూటర్లో ఏమైనా చేయగల అధికారం ఉన్న లాగిన్ ఏదైనా అంతే. అంత అధికారంతో నడిపినప్పుడు చిన్న పొరపాటు జరిగినా మొత్తం కంప్యూటర్ పాడైపోతుంది. అందుకని దీన్ని తయారుచేసినవాళ్ళు పెట్టిన జాగ్రత్త."

"అధికారం పెద్దదైతే పొరపాటూ పెద్దదవుతుందంటుందా ఇది?" అన్నారు విశాలాక్షి గారు.

"అంతే అండి."

ఆ మాట కొబ్బరికాయ కొట్టకముందే చెప్పి ఉండవలసిందన్నట్టు అందరూ జోగినాథం వంక చూశారు.

మామూలు లాగిన్ ఎవరికుందని వెతికితే ఎవరికీ లేదు. మూడేళ్ళ కిందట డైరెక్టర్ గారికి సర్వాధికార లాగిన్ ఇచ్చారు. వెంటనే డిప్యూటీ తనకూ కావాలన్నారు. డిప్యూటీకి ఇచ్చాక తక్కువ లాగిన్ తమ కేడర్‌కు అవమానమని ఉద్యోగుల సంఘం నల్లబ్యాడ్జీలు పెట్టుకుంది. అందరికీ ఇచ్చేశారు. లెక్కల గుమాస్తాకు ఆ కంప్యూటర్‌ను సమూలంగా నాశనం చేయగల అధికారం ఉంది. అది ఎలా తెరవాలో తెలియకపోవడం వల్ల సంస్థ ఇంకా నడుస్తోంది.

"కొత్తగా ఒక మామూలు లాగిన్ చేసేస్తానండి. రెండు నిమిషాలు," అన్నాడు జోగినాథం.

"కొత్త లాగిన్ అంటే కొత్త పోస్టు. ఆర్థిక శాఖ అనుమతి కావాలి."

"పోనీ నాదే తగ్గించండి."

"హోదా తగ్గింపు శిక్ష కిందికి వస్తుంది. మీ మీద ఆరోపణ ఏమీ లేదు కదా?"

"ఏదో ఒకటి రాసుకోండి మేడమ్. నేను కాదనను."

"విచారణ లేకుండా ఒప్పుకోవడానికి వీల్లేదు," అన్నారు విశాలాక్షి గారు. తరవాత గొంతు తగ్గించి, "ఆరు నెలల్లో రిటైరయ్యే మనిషి మీద నాచేత ఆరోపణ రాయించకండి," అన్నారు. ఆవిడలో అటువంటి మెత్తటి చోటు ఒకటి ఉందని జోగినాథం ఇన్నేళ్ళలో గమనించలేదు.

జాబితా మళ్ళీ మొదటి నుంచి చూశారు. పందొమ్మిదో పేరు దగ్గర వేలు ఆగింది. అప్పలనరసమ్మ. హాజరు వేలిముద్ర వేయడం కోసం ఎప్పుడో తెరిచిన లాగిన్. నల్లబ్యాడ్జీల రోజున ఆమె టీ ఇస్తూ తిరుగుతోంది కాబట్టి ఎక్కువ లాగిన్ అడగలేదు.

అటెండరు లాగిన్‌లో డైరెక్టర్ గారు పని చేయడం ప్రోటోకాల్‌కు విరుద్ధం. కాబట్టి నరసమ్మే రావాలి.

"నానా?" ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంది. "నాకేటి తెలుసు బాబూ? పాడైపోతే నన్ననీస్తారు."

"నువ్వు పాడుచేద్దామన్నా కాదు నరసమ్మా. నీకు ఆ అధికారం లేదు. అందుకే నిన్ను రమ్మంటోంది."

"ఇదేటి ఇడ్డూరం! ఏటీ సెయ్యలేనోలినే పిలుత్తాదేటి?"

కాగితాల గోడ సందులోంచి దూరి, ఆమె కుర్చీ అంచున కూర్చుని, దండం పెట్టుకుని మీట నొక్కింది. ఈసారి సాధనం ఏమీ అనలేదు. తెర నిండా వరుసలు దొర్లడం మొదలయ్యాయి. ముందు తనను తాను కట్టుకుని, తరువాత క్రాస్ కంపైలర్‌ను కట్టడానికి దిగింది.

"ఇంక లెగమంటారా?"

"లేవకూడదు," అన్నారు విశాలాక్షి గారు. "పని ముగిసేవరకు బాధ్యత గల వాడుకదారు సీటు విడిచిపోరాదు."

మూడు గంటలు పట్టింది. పదకొండయ్యేసరికి సంస్థలో ఒక కొత్త సమస్య పుట్టింది. టీ ఎవరు తేవాలి? ఆ పని చేసే ఉద్యోగి కీలక విధుల్లో ఉంది. పదకొండుంపావు దాకా చూసి జోగినాథం కెటిల్ పట్టుకుని వీధి చివరికి వెళ్ళి తెచ్చాడు. మొదటి గ్లాసు గోడ సందులోంచి నరసమ్మకు అందించాడు.

"అయ్యో, మీరు తేవడమేటి బాబూ!" అంటూనే ఆమె ఊదుకుని తాగింది. "పంచదార ఎక్కువేయించినారు. బాగుంది."

కాగితాల మధ్య గాలాడక ఆమెకు చెమటలు పడుతున్నాయి. డైరెక్టర్ గారు ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూ అటుగా వచ్చి, మాట ఆపకుండానే, స్టాండు ఫ్యాన్‌ను కాలితో ఆమె వైపు జరిపి వెళ్ళిపోయారు.

మర్నాడు జోగినాథం, ఆ క్రాస్ కంపైలర్‌తో అదే లాగిన్‌లో కట్టిన కొత్త ప్రోగ్రాం తీసుకుని నరసమ్మతో పాటు బస్సెక్కి తుమ్మగెడ్డ దగ్గర దిగాడు. పెట్టె తెరిచి, కొత్తది ఎక్కించి, నీటి మీద తేలుతూ మట్టం కొలిచే బెండును చేత్తో పైకెత్తాడు. సైరన్ ఆ క్షణమే కూసింది. గెడ్డలో పడుకున్న గేదెలు లేచి నిలబడ్డాయి. నరసమ్మ చెవులు మూసుకుని నవ్వింది.

తరువాత తొమ్మిదో రోజున ఎగువ కొండల్లో కుంభవృష్టి పడింది. పొద్దున ఎనిమిదీ పదికి సైరన్ మోగింది. నరసమ్మ ఎక్కిన బస్సు అప్పుడే గెడ్డ దగ్గరకొచ్చింది. డ్రైవరు బ్రేకు వేశాడు. ఎనిమిదిన్నరకు కాజ్‌వే కనబడలేదు. ఒక చెట్టు వేళ్ళతో సహా దాని మీదుగా వెళ్ళిపోయింది. నీళ్ళు తీసేసరికి పన్నెండు దాటింది. నరసమ్మ ఒంటిగంటన్నరకు ఆఫీసుకు చేరి, వేలిముద్ర వేసి, కెటిల్ అందుకుంది.

సాయంత్రానికి ఆమెకు మెమో వచ్చింది.

"తమరు ఈ దినము మూడు గంటల ముప్పది నిమిషములు ఆలస్యముగా విధులకు హాజరైనారు. అందుకు కారణము తుమ్మగెడ్డ సైరన్ అని మౌఖికముగా తెలిపినారు. అయితే రికార్డుల ప్రకారము సదరు సైరన్ ప్రోగ్రాము తమ లాగిన్ నుండియే నిర్మితమైనది. కావున తమ ఆలస్యమునకు తామే ముందస్తు ఏర్పాటు చేసికొన్నట్లు ఎందుకు భావించరాదో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను."

జోగినాథం ఆమెకు రెండుసార్లు చదివి వినిపించి, తెల్లకాగితం తీశాడు. "ఏం రాయమంటావు నరసమ్మా?"

"అవును, నానే సేసుకున్నానని రాసీండి."

"అలా రాస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది."

"ఒప్పుకుంతాను బాబూ. మీట నొక్కింది నానే గదా? బస్సులో నాను కాక నలబై మందున్నారు. ఆలంతా నావల్లే లేటయినారని కూడా రాసీండి."

ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాడు. విశాలాక్షి గారు సంజాయిషీ చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివారు. నేరం స్వయంగా అంగీకరించినందున అరరోజు సెలవు కోయవలెనని మార్జిన్లో రాశారు. దాని కిందనే, తోటి ప్రయాణికులు ఆలస్యంగా హాజరగుటకు సంస్థ ఉద్యోగిని కారకురాలు అయినందున, వారిపై చర్య తీసుకోవద్దని వారి వారి యజమానులకు సంస్థ తరఫున లేఖలు పంపవలెననీ, అందుకు ప్రయాణికుల జాబితా సమర్పించవలెననీ రాశారు.

జోగినాథం కొత్త కాగితం మీద ఒకటో అంకె వేశాడు. నరసమ్మ కింద గచ్చు మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, బస్సులో ముందు సీటు నుంచి మొదలుపెట్టింది.

"మొదట సీట్లో కూరలమ్మే పైడమ్మ. పక్కన ఆల సెల్లి. ఎనకాల ఇద్దరు టీచరమ్మలు, పేర్లు రేపడుగుతాను. ఆస్పత్రికెళ్తున్న సిమ్మయ్య, ఆడి పెళ్ళాం, సంకలో బిడ్డ. కాలేజీ పిల్లలు ఆరుగురు..."

జోగినాథం రాస్తూ పోయాడు. ముప్పై తొమ్మిది దగ్గర ఆమె ఆగింది.

"సివరి సీట్లో బంధువుల ఊరెల్తున్న ముసిలాయనొకడు. సంచిలో కోడిపుంజు. దాన్ని కూడా రాయాలేటి బాబూ?"

"రాద్దాం," అన్నాడు జోగినాథం. నలభై ఒకటో అంకె వేసి, కోడిపుంజు అని రాశాడు.